కార్జానికి పెట్టిన వాత

మా ఆయన కుడి మణికట్టు మీద మూడు వాతలు ఉండేవి. మొదటిది ఆగస్టు తొమ్మిదో తేదీ, ఆదివారం. రెండోది పదహారున. మూడోది ఇరవై మూడున. మూడూ పెట్టింది మా బావ, అంటే మా ఆయనకు తోడబుట్టిన అన్న. ఇది జరిగి పదిహేడేళ్ళు అవుతోంది. తేదీలు మాత్రం చెరిగిపోలేదు, ఎందుకంటే ఏ రోజుది ఆ రోజే రాసిపెట్టాను.

మాది ఉదయగిరి దగ్గర పల్లె. గొర్రెలు మేపుకునే కుటుంబం. నేను కాపురానికి వచ్చేటప్పటికి ఆ ఇంట్లో పదో తరగతి దాకా చదివినది నేనొక్కదాన్నే. అందుకని మంద పుస్తకం నా చేతికి వచ్చింది. ఏ గొర్రె ఏ రోజు ఈనింది, ఏది ఏ రోగంతో పోయింది, ఎప్పుడు మందు తాగించాం, అన్నీ రాసేదాన్ని. చచ్చిన గొర్రెను కోసి, కార్జం తిరగేసి, జలగలు పట్టాయో లేదో చూసి అదీ రాసేదాన్ని. ఆ పుస్తకం వెనక పేజీల్లో మనుషుల సంగతులు ఉంటాయి.

ఆ వెనక పేజీల్లో ఇలా ఉంది. ఆగస్టు ఆరు, గురువారం: కళ్ళు పచ్చబడ్డాయి. ఆగస్టు ముప్ఫై ఒకటి, సోమవారం: నెల్లూరు ఆసుపత్రి. నవంబరు నాలుగు, బుధవారం: పోయాడు. ఆరు నుంచి ముప్ఫై ఒకటికి ఇరవై అయిదు రోజులు. ఆ ఇరవై అయిదు రోజులూ బావ చెప్పినట్టు ఉప్పు లేని చప్పిడి కూడు, పొద్దున్నే పసరు, ఆదివారం ఆదివారం కాల్చిన కడ్డీతో వాత. నేను రెండుసార్లు ఆసుపత్రి మాట ఎత్తాను. రెండుసార్లూ బావ ఒకటే మాట అన్నాడు: "వాత మూడూ పూర్తి కావాలమ్మా. మధ్యలో ఆపితే రోగం లోపలికి తిరుగుతాది."

నెల్లూరులో స్కాన్ తీసిన డాక్టరు కార్జంలో పదకొండు సెంటీమీటర్ల గడ్డ ఉందన్నాడు. ఇరవై అయిదు రోజుల ముందు వస్తే బతికేవాడా అని అడిగాను. "చెప్పలేనమ్మా. ఇంత గడ్డ ఇరవై అయిదు రోజుల్లో పెరిగింది కాదు. ముందే వచ్చుంటే ఇంకొన్నాళ్ళు ఉండేవాడేమో" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, నేనూ ఇక్కడ చెప్పను. బావ నా మొగుడిని చంపాడని నేను అనడం లేదు. ఆ "ఏమో"ను మాత్రం తేల్చుకునే వీలు లేకుండా చేశాడు. నేను అతన్ని క్షమించనిది దానికే.

బావ చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. తెల్ల పంచె, నిటారు నడక, డెబ్భై ఆరేళ్ళ వయసులోనూ వంగని నడుము. కామెర్లతో వచ్చినవాళ్ళకు వాత పెడతాడు, డబ్బు ముట్టడు. టెంకాయ, తమలపాకులు తెస్తే చాలు. అదే అతని బలం. డబ్బు తీసుకునేవాడినైతే జనం అనుమానిస్తారు. ఏమీ తీసుకోనివాడిని ఎలా అడుగుతారు?

ఆ రోజుల్లోనే మా ఇంట్లో అందరినీ రక్తపరీక్ష చేయించుకోమన్నాడు డాక్టరు. మా ఆయనకు ఉన్నది హెపటైటిస్ బి అనే పురుగు. అది ఏళ్ళ తరబడి కార్జంలో మెదలకుండా ఉండి చివరికి గడ్డ కట్టిస్తుందట. మా కూతురికి లేదు, ఆమెకు మూడు సూదులు వేయించాను. నాకు ఉంది. ఇదే మాట చెప్పి పరీక్ష చేయించుకోమని బావకు కబురు పంపితే, "మా ఇంట్లో అట్టాంటి రోగాలు లేవులే, పో" అన్నాడట. రోగం వాళ్ళ తమ్ముడిదే అన్న సంగతి మరిచిపోయి.

అప్పటి నుంచి రోజుకో మాత్ర, ఆరు నెలలకో స్కాన్. ఉదయగిరిలో బస్సెక్కి ఆత్మకూరు, అక్కడ కూతురిని ఎక్కించుకుని సంగం మీదుగా నెల్లూరు. కూతురు ఆత్మకూరులోనే ఒక ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. నాన్న పోయాక పట్టుబట్టి ఆ చదువే చదివింది. కరోనా ఏడు ఒక స్కాన్ తప్పింది. మిగతావన్నీ వేళకే తీయించాను. ముప్ఫై స్కాన్లలో ఏమీ లేదు. పోయిన ఏడు జూన్ పద్దెనిమిదిన తీసింది ముప్ఫై ఒకటోది. అందులో మచ్చ ఉంది.

ఇరవై మూడున మళ్ళీ డై ఎక్కించి పెద్ద స్కాన్ తీశారు. గడ్డ ఒక్కటే, రెండు పాయింట్ నాలుగు సెంటీమీటర్లు. కూతురు రిపోర్టు చదివి బయటి బెంచీ మీద కూలబడి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది. ఇప్పుడు నేను పోతే, బావ తన అరుగు మీద కూర్చుని "ఆసుపత్రులెంట తిరిగింది, ఏమైంది?" అంటాడు. ఆ మాట నా చెవిన పడకపోయినా నేను భరించలేను. నాకు బతకాలని ఉన్నది మనవల కోసమో తీర్థయాత్రల కోసమో కాదు. బావ చేత ఆ కడ్డీ కింద పెట్టించాలి, అది నేను కళ్ళతో చూడాలి. అంతవరకు బతికితే చాలనుకున్నాను.

గడ్డను కాల్చే పని చేసేది ఒక లేడీ డాక్టరు, మా కూతురి వయసే ఉంటుంది. నేను నోటుపుస్తకం తీయడం చూసి నవ్వింది, కానీ అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది.

"ఎట్టా చేస్తారు తల్లీ?"

"స్కాన్‌లో చూసుకుంటూ బయటి నుంచే ఒక సూది గడ్డలోకి దించుతామమ్మా. సూది మొనలో వేడి పుడుతుంది. గడ్డ ఉన్నచోటే ఉడికి చచ్చిపోతుంది. పది నిమిషాలు అటూ ఇటూ. మత్తిస్తాం, మీకు తెలియదు."

"కోసి తీసెయ్యొచ్చు కదా?"

"తీయొచ్చు. కానీ మీ లివర్ గట్టిపడి ఉంది, పెద్ద కోత తట్టుకోవడం కష్టం. ఇంత చిన్న గడ్డకు కోతయినా ఇదయినా ఫలితంలో పెద్ద తేడా ఉండదు. మూడు సెంటీమీటర్లు దాటితే అప్పుడు వేడి అంచుల దాకా సరిగా పోకపోవచ్చు."

"ఇంకేం అడ్డాలుంటాయి?"

"పెద్ద రక్తనాళం ఆనుకుని ఉంటే, పారే రక్తం వేడిని లాక్కుపోతుంది. కాలవ గట్టు మీద పొయ్యి పెట్టినట్టు. మీది దూరంగానే ఉంది."

"ప్రమాదాలు చెప్పు. అన్నీ చెప్పు."

చెప్పింది, నేను రాసుకున్నాను. రక్తం కారవచ్చు. చీము పట్టవచ్చు. పైత్యం పోయే గొట్టం కాలవచ్చు. పక్కనున్న పేగుకో ఊపిరితిత్తుల పొరకో వేడి తగలవచ్చు. జ్వరం, కుడి భుజంలో నొప్పి చాలామందికి వస్తాయి, వాటంతట అవే పోతాయి. మిగతావి ఎక్కువమందికి రావు, వస్తే ఇక్కడే చూసుకుంటాం అంది.

"పోతాదని రాసిస్తావా?"

"రాసివ్వనమ్మా. కాల్చినచోట పోయినా లివర్‌లో ఇంకోచోట కొత్తది పుట్టొచ్చు. నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి స్కాన్ తీసి చూస్తూనే ఉండాలి. వస్తే మళ్ళీ కాలుస్తాం."

రాసివ్వను అన్నందుకే ఆ పిల్ల నాకు నచ్చింది. మా బావ వచ్చిన ప్రతివాడి భుజమూ తట్టి "పోతాదిపో" అని పంపిస్తాడు.

"నేర్చుకునేటప్పుడు ఎవరి మీద నేర్చుకున్నావు?" అని కూడా అడిగాను. కూతురు నన్ను గిల్లింది. డాక్టరు మాత్రం గట్టిగా నవ్వింది. "మాంసం కొట్టులో గొర్రె కార్జం కొనుక్కొచ్చి అందులో సూది దించేవాళ్ళమమ్మా. తర్వాత కోసి, తెల్లగా ఉడికినచోటు ఎంతుందో స్కేలుతో కొలిచేవాళ్ళం." నాకు తెలిసిన వస్తువు మీద నేర్చుకున్న మనిషి అని నిబ్బరం కలిగింది.

జూలై పదహారు, బుధవారం చేశారు. నాకు గుర్తున్నది చల్లటి బల్ల, డొక్క మీద పూసిన మందు తడి. మెలకువ వచ్చేసరికి కుడి భుజం ఎవరో మెలిపెట్టినట్టు ఉంది. రెండు రోజులు జ్వరం వచ్చి పోయింది. డొక్క మీద చిన్న చుక్క. చిక్కుడు గింజంత ప్లాస్టరు వేసి పద్దెనిమిదిన ఇంటికి పంపించారు.

తప్పు నేనే చేశాను, ఆ సాయంత్రమే. నన్ను చూడడానికి బావ పెళ్ళాం, అంటే నా తోడికోడలు, గిన్నెలో చారు తీసుకుని వచ్చింది. ఆమె మంచి మనిషి. ఏం చేశారక్కడ అని అడిగింది. డాక్టరు చెప్పిందంతా ఆమెకు ఏ మాటల్లో చెప్పాలో తోచక, "వాత పెట్టినారక్కా. లోపల, కార్జానికి" అన్నాను.

ఇరవయ్యో తేదీ ఆదివారం. మా ఇంటి కిటికీలో నుంచి బావ అరుగు కనబడుతుంది. అతని గొంతు కూడా వినబడుతుంది. "నెల్లూరు డాక్టర్లు ఇప్పుడు కనుక్కున్నారంటరా! లక్షలు పోసి మిషన్లు కొనుక్కొని ఆళ్ళు పెట్టేదీ వాతే. మా తాత కాడి నుంచి మేం పెట్టేదీ వాతే. నమ్మకపోతే మా తమ్ముడి పెండ్లాన్ని అడగండి, ఆ కనపడే ఇల్లే."

నేను బతకడం అతని విద్యకు సాక్ష్యమైంది. పదహారేళ్ళు పళ్ళు బిగబట్టి నేను సంపాదించుకున్నదాన్ని నా నోటి మాటతోనే తీసుకుపోయి తన గుమ్మానికి కట్టుకున్నాడు. మాట నోరు దాటితే మందలో కలిసిన గొర్రెపిల్ల. చెవికి గుర్తు కోయకుండా వదిలితే ఎవరి మందలోనైనా కలిసిపోతుంది. నేను గుర్తు కోయకుండా వదిలాను.

అంతకు ముందు ఆదివారానికి నలుగురో అయిదుగురో వచ్చేవాళ్ళు. ఇరవయ్యో తేదీ ఆరుగురు. ఇరవై ఏడున తొమ్మిదిమంది. ఆగస్టు మూడున పధ్నాలుగు. పదిన పదిహేడు. చేజర్ల వైపు నుంచి ఆటో మాట్లాడుకుని కూడా వచ్చారు. నేను వీధిలోకి పోయి ఇద్దరు ముగ్గురికి చెప్పి చూశాను, అది వేరు ఇది వేరు అని. "అదే గదవ్వా, వేడే గదా, వాతే గదా" అన్నారు. ఒకడు నా కాళ్ళకు దండం పెట్టి పోయాడు, వాతతో బతికిన అవ్వ అని.

ఆగస్టు పద్దెనిమిదిన నెల స్కాన్. గడ్డ కంటే కాలినచోటు పెద్దదిగా ఉండాలి, చుట్టూ కనీసం అర సెంటీమీటరు ఎక్కువ ఉండాలని డాక్టరు ముందే చెప్పింది. గడ్డ రెండు పాయింట్ నాలుగు. అటు అర, ఇటు అర కలిపితే మూడు పాయింట్ నాలుగు. రిపోర్టులో కాలినచోటు మూడు పాయింట్ తొమ్మిది అని ఉంది. "పూర్తిగా చచ్చింది" అంది డాక్టరు. ఆ లెక్క చూసి నేను సంతోషించాలి. బస్సులో సంగం బ్యారేజీ దాటేటప్పుడు కూతురు మైసూర్‌పాక్ పొట్లం విప్పింది. నాకు నోట్లో చేదుగా ఉంది. నేను బాగుపడిన కొద్దీ ఆ అరుగు మీద జనం పెరుగుతారు.

సెప్టెంబరు పధ్నాలుగు ఆదివారం నా వాకిట్లోకి ఒక మొగుడూ పెళ్ళాం వచ్చి నిలబడ్డారు. దుత్తలూరు అవతల పల్లె, గొర్రెలు కాసే వాళ్ళే. అతనికి ముప్ఫై అయిదుంటాయి. కళ్ళు పసుపు ముద్దలు. నిలబడలేక గోడకు ఆనుకున్నాడు. బావ దగ్గర అప్పుడే రెండో వాత పెట్టించుకుని వచ్చాడు, మణికట్టు ఇంకా పచ్చిగా ఉంది.

"మీ వాత ఒక్కసారి చూపించవ్వా. చూస్తే ఆయనకు ధైర్యమొస్తాదని" అంది ఆ పిల్ల.

చీర కొంగు తొలగించి డొక్క చూపించాను. చుక్క కూడా మాసిపోయింది. "ఏదవ్వా?" అంది. "ఇదే. ఇక్కడ సూది దిగింది. ఇది వాత కాదు తల్లీ. నాకు గడ్డ. నీ మొగుడికి ఏముందో ఎవరైనా చూసినారా?"

ఆ మనిషి గోడ దగ్గరి నుంచే అన్నాడు. "పొట్టలో ఇక్కడ పొడిచినట్టుంటాదవ్వా. వచ్చి పోతాది."

"అయితే ఇప్పుడే ఆత్మకూరు పోండి. మా కూతురుండాది అక్కడ."

"వచ్చే ఆదివారం మూడోది గదా. పెద్దాయన మూడూ పూర్తి కావాలన్నాడు. మధ్యలో ఆపితే లోపలికి తిరుగుతాదంట."

అక్షరం మారలేదు. పదహారేళ్ళ కిందటి మాట అదే వరుసలో వచ్చింది. నేను వాళ్ళను తిట్టాను, బతిమాలాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ మొగుడిని నడిపించుకుని పోయింది. ఆ మనిషి మీద నాకు జాలి లేదని కాదు. కానీ ఆ వారమంతా నన్ను లేపి కూర్చోబెట్టింది జాలి కాదు. బావ చేతి కింద నుంచి ఒక్కడినైనా ఊడబెరకాలన్న కసి.

తర్వాతి ఆదివారం పెద్దల అమావాస్య. మా ఇళ్ళల్లో ఆ రోజు పోయినవాళ్ళకు కొత్తబట్టలు పెట్టి, పొట్టేలు కోసి, వండి పెడతారు. ఇంటికి పెద్దవాడు కాబట్టి అది బావ ఇంటి వాకిట్లో జరుగుతుంది. వాతకు వచ్చేవాళ్ళు కూడా అదే వాకిట్లో ఉంటారు.

తొమ్మిది గంటలకు పోయాను. పొట్టేలును అప్పటికే కోసి కొయ్యకు వేలాడదీశారు, తోలు ఇంకా వలవలేదు. అరుగు మీద బావ, పక్కన నిప్పుల కుంపటి, అందులో కడ్డీ. కింద పదకొండుమంది, వాళ్ళలో దుత్తలూరు మనిషి. మా ఇళ్ళల్లో తమ్ముడి పెళ్ళాం బావ ఎదుట కూర్చోదు. కాపురానికి వచ్చిన నలభై ఎనిమిదేళ్ళలో నేను ఒక్కసారీ కూర్చోలేదు. లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, అతని ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.

వాకిట్లో ఉన్నవాళ్ళంతా నా కుర్చీ వైపు తిరిగారు.

"ఏందమ్మాయ్, కుర్చీ ఎక్కినావు?" అన్నాడు బావ.

"కార్జం కాలింది గదా బావా, నిలబడలేను."

ఎవరో కిసుక్కున నవ్వారు. బావ కూడా నవ్వాడు. "చూసినారా, మా మరదలు. ఆళ్ళూ వాతే పెట్టినారని చెప్పమ్మా ఈళ్ళకు."

"చెప్తా. అంతకు ముందు ఆ పొట్టేలుకు ఒక వాత పెట్టు బావా."

"సచ్చినదానికి వాతేందమ్మా? పిచ్చి గానీ పట్టిందా?"

"సచ్చినదానిదైతే కార్జం తీసి చూడొచ్చు. బతికుండేవాళ్ళది చూడలేం గదా. నీ చెయ్యి పవర్ ఎంత లోతు పోతాదో అందరూ చూస్తారు, పెట్టు."

పవర్ అనేసరికి లేచాడు. ముంగాలి మీద ఒకటి పెట్టాడు. బొచ్చు కమురు వాసన లేచింది. "ఇంకోటి డొక్క మీద పెట్టు, సరిగ్గా కార్జం పైన. మా ఆయనకు పెట్టినంతసేపు పెట్టు" అన్నాను. అప్పుడు నా ముఖంలోకి చూశాడు. కానీ కడ్డీ చేతిలో ఉంది, జనం చూస్తున్నారు. పెట్టాడు. నేను ఇరవై దాకా లెక్కపెట్టాను.

పొట్టేలు కోసే మనిషిని పిలిచి పొట్ట చీల్చమన్నాను. కార్జం తీయించి పళ్ళెంలో వేయించాను. దుత్తలూరు పిల్లను ముందుకు రమ్మన్నాను. "తిప్పి చూడు తల్లీ. గొర్రెలోళ్ళ బిడ్డవు, నీకు తెలియనిది కాదు. ఎక్కడైనా కాలిందా?"

ఆ పిల్ల రెండువైపులా తిప్పింది. వేలితో నొక్కింది. "లేదవ్వా. పచ్చిగానే ఉండాది."

"డొక్క లోపలి వైపు చూడు."

కోసే మనిషి చేత్తో తడిమి చెప్పాడు. "తోలు కాలింది. కండ గోరంత కమిలింది. అంతే."

కుంపటిలో నుంచి కడ్డీ నేనే తీశాను. పళ్ళెంలోని కార్జంలోకి గుచ్చి పట్టుకున్నాను. చిరచిరమంటూ పొగ వచ్చింది. తీసి, కత్తితో నిలువునా కోసి, రెండు ముక్కలూ ఎత్తి చూపించాను. కడ్డీ దిగిన బెజ్జం చుట్టూ ఉంగరంలా తెల్లటి కట్టు, దాని అవతల ఎర్రటి పచ్చి కార్జం. స్కేలు తీసుకెళ్ళాను. బెజ్జానికి ఒకవైపు ఒక సెంటీమీటరు ఉంది.

"నాకు చేసింది ఇదీ. ముందు గడ్డ ఎక్కడుందో చూసినారు, ఎంతుందో కొలిచినారు, మత్తిచ్చినారు, గడ్డలోకే సూది దించినారు. గడ్డ ఉండబట్టి దించినారు. నీకు గడ్డ ఉందా, రాయి ఉందా, పురుగు ఉందా? చెయ్యి కాలిస్తే ఎవరికి తెలుస్తాది?"

జనంలో గుసగుస మొదలైంది. గెలిచాననుకున్నాను. కానీ బావ తేలిగ్గా లొంగే మనిషి కాదు. కుంపటి ముందు మళ్ళీ కూర్చుని, చాలా నెమ్మదిగా అన్నాడు. "సచ్చిన జీవానికి నరం పనిచెయ్యదమ్మా. వాత నరం మీద పనిచేస్తాది. బతికుండేవాడికి పెడితే నరం పట్టుకొని కార్జానికి పోతాది. డాక్టర్లకు తెలీదు అది."

తలలు ఊగాయి. దుత్తలూరు మనిషి మెల్లగా చెయ్యి ముందుకు చాపాడు, మూడో వాతకు. నా పళ్ళెం, నా స్కేలు, నా తెల్లటి కట్టు, అన్నీ ఒక్క మాటకు వట్టిపోయాయి.

ఏడుస్తూ అరిస్తే ఆడవాళ్ళ గోల అంటారు. అందుకని లేవకుండా, గొంతు పెంచకుండా అడిగాను.

"బావా, ఈ పొట్టేలును ఎవరి పేరు మీద కోసినావు?"

అతను కుంపటిలో నిప్పులు ఎగదోశాడు.

"పెద్దల అమావాస్య. కొత్త పంచె ఎవరికి పెట్టినావు లోపల? ఈళ్ళకు చెప్పు."

"నాయనకు" అన్నాడు. "అమ్మకు."

"ఇంకా?"

తోడికోడలు గడప మీదికి వచ్చి నిలబడింది. "చెప్పండి" అంది మొగుడితో. ఆమె అతనితో అంత గట్టిగా మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు.

"తమ్ముడికి" అన్నాడు.

"తమ్ముడు బతికుండే మనిషే గదా అప్పుడు. నరాలు పనిచేసినాయి గదా. ఆగస్టు తొమ్మిది, పదహారు, ఇరవై మూడు. మూడూ పూర్తయినాయి. మధ్యలో ఆపలేదు. స్కాన్‌లో పదకొండు సెంటీమీటర్లు." దుత్తలూరు మనిషి వైపు తిరిగాను. "ఈయన సొంత తమ్ముడయ్యా. నీకంటే ఎక్కువ ప్రేమగానే పెట్టినాడు."

ఆ మనిషి చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పెళ్ళామే ఆ చెయ్యి పట్టుకుని లాగింది. "లెయ్. లెయ్ నువ్వు. పోదాం." నాతో "ఆత్మకూరు బస్సు ఎన్నింటికవ్వా?" అంది.

"పదిన్నరకు. నేనూ వస్తా, పద."

మా వెనక ఇంకో నలుగురు లేచారు. నేను వెనక్కి తిరిగి చూశాను. మర్యాదకైనా చూడకుండా పోవలసింది. కానీ అతని ముఖం చూడాలని ఉంది, చూశాను. కుంపటి వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆత్మకూరులో కూతురు రక్తం తీసి, స్కాన్ చేయించింది. పురుగు లేదు, గడ్డ లేదు. పైత్యపు గొట్టంలో రాయి అడ్డం పడింది. నెల్లూరులో నోటి గుండా గొట్టం వేసి దాన్ని తీశారు. ఆలస్యమైతే చీము పట్టి ప్రాణం మీదికి వచ్చేదని చెప్పారట. పది రోజులకు కళ్ళు తెల్లబడుతున్నాయని ఆ పిల్ల ఫోన్ చేసింది. ఆ తేదీ నేను రాసుకున్నాను.

అమావాస్య తర్వాతి బుధవారం తోడికోడలు వచ్చి, తనకూ బావకూ ఆ రక్తపరీక్ష చేయించమంది. "ఆయన్నే వచ్చి అడగమను" అన్నాను. ఆయన అడగలేదు, కానీ ఆమె వెంట బస్సెక్కాడు. కూతురు అతని చేతికి రబ్బరు కట్టి సూది తీయగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఎందరి చేతుల మీదో నిప్పు పెట్టిన మనిషి సన్న సూదిని చూడలేకపోయాడు. నేను రెప్ప వేయకుండా చూశాను. అంత దూరం వెళ్ళింది దానికోసమే.

ఇద్దరికీ ఏమీ లేదని వచ్చింది. తోడికోడలికి లేదంటే నాకు నిజంగా సంతోషమే. బావకు ఉంటే బాగుండుననుకున్నాను. చస్తాడని కాదు. ఆరు నెలలకోసారి ఆ బల్ల మీద పడుకుని, పైన ఏం కనబడుతుందోనని ఊపిరి బిగబట్టే రెండు నిమిషాలు అతనికీ తెలియాలని. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "చూసినావా, నాకేం లేదు" అన్నాడు. అక్టోబరు మొదటి ఆదివారం మళ్ళీ కుంపటి రాజేశాడు.

నేను మళ్ళీ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నన్ను లేచిపొమ్మనలేడు. ఆ అరుగులో సగం అతని తమ్ముడిది. వచ్చిన ప్రతివాడినీ ఊరు అడిగాను, కళ్ళు పచ్చబడి ఎన్ని రోజులైందో అడిగాను, అతని ముందే పుస్తకంలో రాశాను, పదిన్నర బస్సు ఎక్కించాను. ఆ ఆదివారం ముగ్గురు వచ్చారు. ముగ్గురూ బస్సెక్కారు. తర్వాతి వారం ఇద్దరు వచ్చారు. ఒకడు నా మాట వినకుండా వాత పెట్టించుకున్నాడు. అతని ఊరూ తేదీ కూడా రాశాను, వారం తర్వాత ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాను. బావ నాతో మాట్లాడడు. కడ్డీని అటూ ఇటూ తిప్పుతూ ఉంటాడు. అప్పుడప్పుడు నా ముఖం రంగు చూస్తాడు. నేను చిక్కిపోయానా, నా కళ్ళు పచ్చబడ్డాయా అని చూస్తున్నాడని నాకు తెలుసు. అతనికి ఉన్న ఆశ అదొక్కటే.

నవంబరు పదిహేడు, సోమవారం నా స్కాన్. ఇరవై మూడు ఆదివారం ఎప్పటిలాగే పోయి కూర్చున్నాను. తొమ్మిదయింది, పదయింది, ఎవరూ రాలేదు. చివరికి అతనే నోరు విప్పాడు.

"స్కాన్ తీసినారంట గదా. ఏం వచ్చింది?"

"ఏం లేదు బావా. కాలినచోటు అట్టనే ఉండాది. కొత్తది రాలేదు."

"మళ్ళా ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో. ఆ తర్వాత మేలో. తీస్తానే ఉంటారు."

అతను లేచి, కుంపటిలో నుంచి కడ్డీ తీసి నేల మీద పెట్టాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి నిప్పుల మీద పోశాడు. బూడిద లేచి అతని పంచె మీద పడింది. దులుపుకోకుండానే లోపలికి వెళ్ళిపోయాడు.

నేను పన్నెండు దాకా కూర్చున్నాను, ఎవరైనా వస్తారేమోనని.